కీలు పొరలో దండోరా

కీళ్ల నొప్పి అనగానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట "గుజ్జు అరిగిపోయిందట". అరవై దాటినవాళ్ల మోకాళ్ల విషయంలో అది చాలావరకు నిజమే. కానీ నలభై ఏళ్ల మనిషి తెల్లవారి లేచాక గంటసేపు పిడికిలి ముడవలేకపోతుంటే, రెండు చేతుల్లోనూ అరచేతికి దగ్గరి కణుపులు ఒకే తీరున ఉబ్బి, తాకితే మెత్తగా, వెచ్చగా తగులుతుంటే, అక్కడ మొదలైంది అరుగుదల కాదు, పెరుగుదల. పెరగకూడని చోట కణజాలం పెరుగుతోంది. పెరగమని దానికి కబురు పంపుతున్నవి సైటోకైన్లు అనే చిన్న ప్రొటీన్లు.

వేళ్లను చూసి ఒక తేడా పట్టుకోవచ్చు. గోళ్ల దగ్గరి చివరి కణుపుల మీద గట్టిగా బొడిపెలు కడితే అది సాధారణంగా అరుగుదల రకం, అంటే ఆస్టియో ఆర్థరైటిస్. పైన చెప్పిన నలభై ఏళ్ల మనిషిది రుమటాయిడ్ ఆర్థరైటిస్. అది ఆ చివరి కణుపులను చాలావరకు వదిలేసి, మధ్య కణుపులను, అరచేతి అంచు కణుపులను, మణికట్టును పడుతుంది. రెండింటినీ కలిపి మనం "కీళ్లవాతం" అనేస్తాం. జబ్బులు రెండు, మాట ఒకటి. ఈ చిక్కు దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆరోగ్యంగా ఉన్న కీలు లోపలి గోడకు సైనోవియం అనే పొర ఉంటుంది. దాని పైవరస మందం ఒకటి రెండు కణాలే. అందులో రెండు రకాల కణాలు పక్కపక్కనే ఉంటాయి. మ్యాక్రోఫేజ్‌లు చెత్త ఊడుస్తాయి. ఫైబ్రోబ్లాస్టులు గుడ్డు తెల్లసొనలా జారే ద్రవాన్ని ఊరిస్తాయి. మోకాలంత పెద్ద కీలులో కూడా ఆ ద్రవం కొద్ది మిల్లీలీటర్లకు మించదు. రుమటాయిడ్ పట్టిన కీలులో ఇదే పొర పది పన్నెండు వరసలకు మందమెక్కుతుంది. కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. రక్తంలోంచి టి కణాలు, బి కణాలు అనే రోగనిరోధక కణాలు వచ్చి కాపురం పెడతాయి. ఉబ్బిన పొర అంచు మెల్లగా పాకి మృదులాస్థిని, అంటే మనం గుజ్జు అనేదాన్ని, కప్పేస్తుంది. ఆ అంచును పానస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు గుడ్డ అని అర్థం. సూక్ష్మదర్శినిలో చూస్తే తడిగుడ్డ పరిచినట్లే ఉంటుంది, కాకపోతే ఇది కింద ఉన్నదాన్ని తినే గుడ్డ.

ఇదంతా ఎక్కడ మొదలవుతుందన్నదాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. కొన్ని వారసత్వ జన్యువులు, పొగతాగడం, ఊపిరితిత్తుల్లోనో చిగుళ్లలోనో రూపు మారిన సొంత ప్రొటీన్లు కలిసి రోగనిరోధక వ్యవస్థను తికమకపెడతాయి. కణుపు వాయడానికి ఏళ్ల ముందే రక్తంలో సొంత ప్రొటీన్లనే పట్టుకునే తప్పుడు యాంటీబాడీలు కనిపించవచ్చు. అయితే ఆ తప్పు కీలులోకి దిగాక అక్కడే ఎందుకు తిష్ఠ వేస్తుందన్నదే అసలు ప్రశ్న. ముల్లు గుచ్చుకున్న వేలు కూడా వాస్తుంది, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ కణుపు ఏళ్ల తరబడి ఎందుకు తగ్గదు?

జవాబు కోసం ఒక్క ప్రొటీన్ ప్రయాణాన్ని దగ్గరగా చూద్దాం. దాని పేరు ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, పొట్టిగా టీఎన్‌ఎఫ్. ఎలుకల్లో కణితులను చంపే పదార్థంగా 1975లో న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం దీన్ని గుర్తించింది. పేరు అలా కణితుల మీద పడిపోయింది కానీ, కీళ్ల డాక్టర్లకే దీనితో ఎక్కువ పని. మ్యాక్రోఫేజ్ దీన్ని తయారుచేసి తన పైపొర మీద గుచ్చి ఉంచుతుంది. కత్తెరలాంటి ఒక ఎంజైమ్ దాన్ని కత్తిరిస్తే మూడేసి ముక్కలు ఒక జట్టుగా కీలు ద్రవంలోకి వదులవుతాయి. ఆ జట్టు పక్కనున్న ఫైబ్రోబ్లాస్టు మీద కబురు అందుకునే ప్రొటీన్‌కు, అంటే రిసెప్టర్‌కు, తగులుకుంటుంది. ఫైబ్రోబ్లాస్టు లోపల ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే మరో ప్రొటీన్ ఒక కాపలాదారు చేతిలో బందీగా ఉంటుంది. కబురు అందగానే ఆ కాపలాదారును కణమే ముక్కలు చేసేస్తుంది. విడుదలైన బందీ నిమిషాల్లో కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను మేల్కొలుపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 అనే మరికొన్ని సైటోకైన్లు, మృదులాస్థిని కోసే ఎంజైమ్‌లు వరసగా తయారవుతాయి.

ఇక్కడే మెలిక ఉంది. కబురు విన్న ఫైబ్రోబ్లాస్టు ఊరుకోదు, తానూ కబుర్లు పంపుతుంది. అందులో కొన్ని మ్యాక్రోఫేజ్‌లను బతికించి, మరింత టీఎన్‌ఎఫ్ తయారుచేయిస్తాయి. ఊళ్లో దండోరా వేసేవాడు వీధులన్నీ ఒకసారి తిరిగి ఇంటికి పోతాడు. విన్నవాళ్లంతా తలా ఒక డప్పు అందుకుని వాయించడం మొదలుపెడితే మొదట దండోరా వేసినవాడు ఎప్పుడు వెళ్లిపోయాడన్నది ఎవరికీ పట్టదు. సద్దుమణిగించే ప్రొటీన్లు ఆ కీలులో లేవా అంటే, ఉన్నాయి. రుమటాయిడ్ కీలులో అవీ మామూలుకన్నా ఎక్కువే ఉంటాయి. ఆ గోలలో వాటి గొంతు చాలదు, అంతే.

కొన్ని కబుర్లు కీలు దాటి ఒళ్లంతా పాకుతాయి. అన్నిటికన్నా దూరం వెళ్లేది ఇంటర్‌ల్యూకిన్-6. కాలేయానికి చేరి సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను గుమ్మరింపజేస్తుంది. రక్తంలో ఫైబ్రినోజెన్ పెంచి ఈఎస్‌ఆర్‌ను పైకి నెడుతుంది. ల్యాబు రిపోర్టులో కనిపించే ఆ రెండు అంకెలూ కీలు మాట్లాడినది కాలేయం విన్నదనడానికి రుజువులు. రాత్రి గడిచి తెల్లవారుతుండగా దీని మోతాదు పెరుగుతుంది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మా పెద్దమ్మకు ఈ జబ్బు బయటపడకముందు రెండేళ్లపాటు రక్తహీనతకు ఐరన్ మాత్రలు మింగించారు. హిమోగ్లోబిన్ కదలలేదు. బెల్లం, తోటకూర, ఖర్జూరం కూడా అయిపోయాయి. జరిగిందేమిటంటే, ఇంటర్‌ల్యూకిన్-6 మాట విని కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది. అది పేగుల్లో ఇనుము ఎక్కకుండా, ఉన్న ఇనుము గిడ్డంగుల్లోంచి బయటికి రాకుండా తాళం వేస్తుంది. కీళ్ల మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు హిమోగ్లోబిన్ దానంతటదే పెరిగింది.

ఈ ప్రొటీన్‌కు ఇంకో వింత ఉంది. కీలు పొరలోని ఫైబ్రోబ్లాస్టుల మీద దీన్ని అందుకునే రిసెప్టర్ దాదాపుగా ఉండదు. కానీ ఇతర కణాల నుంచి ఊడిన ఆ రిసెప్టర్ ముక్కలు కీలు ద్రవంలో తేలుతుంటాయి. ఇంటర్‌ల్యూకిన్-6 ఆ ముక్కతో జతకట్టుకుని వచ్చి ఫైబ్రోబ్లాస్టు తలుపు తడుతుంది. తాళంచెవి ఇంట్లో లేదనుకున్నవాడికి వీధిలో దొరికినట్లు.

1980ల చివరికి రుమటాయిడ్ కీలులో ఇలాంటి సైటోకైన్లు డజను దాకా కనిపించాయి. అప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు చేతులెత్తేశారు. వాళ్ల వాదన తీసిపారేయదగినది కాదు: ఒకటి చేసే పనినే మరో నాలుగు చేస్తున్నాయి, ఒకదాన్ని ఆపితే మిగతావి ఆ పని అందుకుంటాయి, లాభమేముంది? లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, పంజాబులోని లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, ఫియొనులా బ్రెన్నన్ ఆ వాదనను ఒక గాజు పాత్రలో పరీక్షించారు. రోగుల కీళ్ల నుంచి తీసిన పొరను విడగొట్టి, ఆ కణాలను పాత్రలో పెంచారు. బయటినుంచి ఏ ప్రేరణా లేకపోయినా అవి రోజుల తరబడి సైటోకైన్లను ఊరిస్తూనే ఉన్నాయి. అందులో టీఎన్‌ఎఫ్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేశారు. టీఎన్‌ఎఫ్ కబురు ఆగడం అనుకున్నదే. ఇంటర్‌ల్యూకిన్-1 కూడా బాగా తగ్గిపోయింది. 1989లో ఆ ఫలితం అచ్చయింది. తర్వాతి ప్రయోగాల్లో మరికొన్ని సైటోకైన్లు కూడా అలాగే పడిపోయాయి. తిరగేసి చేస్తే అలా జరగలేదు. ఇంటర్‌ల్యూకిన్-1ను ఆపినా టీఎన్‌ఎఫ్ తగ్గలేదు. అంటే డప్పులన్నీ సమానం కావు, ఒకదాని తాళానికి మిగతావి వాయిస్తున్నాయి.

1991లో గ్రీసు శాస్త్రజ్ఞుడు జార్జ్ కొలియాస్ బృందం రెండో సాక్ష్యం తెచ్చింది. మనిషి టీఎన్‌ఎఫ్ అదుపు లేకుండా తయారయ్యేలా జన్యువు మార్చిన ఎలుకలకు కీళ్ల జబ్బు దానంతటదే వచ్చింది. యాంటీబాడీ ఇస్తే రాలేదు.

1992లో లండన్‌లోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో 20 మంది రోగులకు తొలిసారి ఆ రకం యాంటీబాడీ ఎక్కించారు. తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్ అని పేరు పెట్టుకున్న మందు అదే. దాన్ని తయారుచేసిన కంపెనీ అప్పట్లో ఆశ పెట్టుకున్నది ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే సెప్సిస్ మీద, అక్కడ అది పనికిరాలేదు. కీళ్లలో పనిచేసింది. 1994లో 73 మందితో జరిగిన పరీక్షలో ఉత్తుత్తి మందు తీసుకున్న 24 మందిలో ఇద్దరికే నాలుగు వారాలకు గుణం కనిపిస్తే, పెద్ద మోతాదు తీసుకున్న 24 మందిలో 19 మందికి కనిపించింది. వైద్యంలో ఇంత తేడా తరచుగా చూడం. మందు ప్రభావం తీరగానే వాపు తిరిగి వచ్చిందన్నది కూడా గమనించాలి. అది దండోరాను ఆపింది, దండోరాకు కారణాన్ని తీసేయలేదు.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించుకున్న మర్నాడే తేలికగా ఉందని చాలామంది చెబుతారు. మానసికమని కొట్టిపారేసేవారు. కానీ కణుపు వాపు తగ్గకముందే, 24 గంటల్లోనే, మెదడులో నొప్పిని నమోదు చేసే భాగాల చురుకుదనం తగ్గడం 2011లో స్కానింగుల్లో కనిపించింది. టీఎన్‌ఎఫ్ నరాల కొసలను నేరుగా రేపుతుంది. రోగుల మాటే నిజమైంది.

ఎముక సంగతి వేరు. ఉబ్బిన పొరలోని ఫైబ్రోబ్లాస్టులు, టి కణాలు ర్యాంక్-ఎల్ అనే మరో కబురు పంపి ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులను పిలుస్తాయి. టీఎన్‌ఎఫ్ ఆ పిలుపును బిగ్గరగా చేస్తుంది. ర్యాంక్-ఎల్‌ను ఒక్కదాన్నే ఆపే డెనోసుమాబ్ ఇస్తే ఎముక కోత నెమ్మదిస్తుంది, వాపు మాత్రం అంగుళం తగ్గదు. మృదులాస్థి నష్టమూ దీనితో ఆగినట్లు కాదు. ఒకే కీలులో నొప్పి, వాపు, ఎముక కోత మూడూ వేర్వేరు తీగల మీద నడుస్తాయి. "నొప్పి తగ్గింది కదా" అని నొప్పి మాత్రలతో సరిపెట్టుకునేవాళ్ల చేతులు వంకరపోవడానికి కారణం ఇదే. ఆ మాత్రలు నొప్పి తీగను మాత్రమే తెంపుతాయి. ఏళ్ల తర్వాత ఎక్స్‌రే చూసి ఆశ్చర్యపడి లాభం లేదు.

కబురు ఆపడానికి మూల్యం కూడా ఉంటుంది, మన దేశంలో అది మరీ ఎక్కువ. క్షయ బ్యాక్టీరియా లోపలికి చేరినప్పుడు రోగనిరోధక కణాలు దాని చుట్టూ గోడ కట్టి బంధిస్తాయి. ఆ గోడ ఇటుకలను పట్టి ఉంచే సున్నం టీఎన్‌ఎఫ్. దాన్ని తీసేస్తే గోడ కూలుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో 70 మందికి క్షయ వచ్చినట్లు 2001లో అమెరికా వైద్యులు లెక్కతేల్చారు. సగానికి పైగా కేసుల్లో అది ఊపిరితిత్తులు దాటి పాకింది. అందుకే ఈ ఇంజెక్షన్లకు ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ జాడ పట్టే మాంటూ లేదా ఇగ్రా పరీక్ష చేస్తారు. నిద్రాణంగా క్షయ ఉందని తేలితే ముందు దానికి మందులు వాడిస్తారు. ఈ పరీక్షలు ఆలస్యమని విసుక్కునే రోగులను చూశాను. విసుక్కోవలసిన చోటు ఇది కాదు.

ఇంటర్‌ల్యూకిన్-6ను ఆపే టోసిలిజుమాబ్ పేరు తెలుగువాళ్లకు మరో సందర్భంలో తెలిసింది. 2021 వేసవిలో, కోవిడ్ రెండో దశలో, ఆ ఇంజెక్షన్ కోసం కుటుంబాలు ఊళ్లు తిరిగాయి, నల్లబజారులో కొన్నాయి. జపాన్‌లో 2008లోనే అది రుమటాయిడ్ రోగులకు అందుబాటులోకి వచ్చింది. ఒసాకాలో తడమిత్సు కిషిమోటో బృందం 1986లో ఇంటర్‌ల్యూకిన్-6 జన్యువును పట్టుకున్న పరిశోధనకు కొనసాగింపు అది. కీలులో మోగే డప్పే, తీవ్ర కోవిడ్‌లో ఊపిరితిత్తుల దగ్గర మరింత గట్టిగా మోగింది.

కబురును వాకిట్లో ఆపడం ఒక దారి, ఇంట్లోకి వచ్చాక ఆపడం మరో దారి. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి తలుపు తట్టినప్పుడు లోపల కబురు అందుకుని కేంద్రకానికి పంపే ఎంజైమ్‌లు జాక్‌లు. రెండు ముఖాల రోమన్ దేవుడు జేనస్ పేరు పెట్టారు వాటికి. వాటిని అడ్డుకునే టోఫాసిటినిబ్ మాత్ర 2012లో అమెరికాలో ఆమోదం పొందింది. టీఎన్‌ఎఫ్ జాక్‌ల దారిలో నడవదు, అయినా ఈ మాత్ర బాగానే పనిచేస్తుంది. ఒక డప్పును ఆపకపోయినా దాని తర్వాతి నాలుగింటిని ఆపితే గోల తగ్గుతుందన్నమాట. యాభై దాటి, గుండెజబ్బు ముప్పు ఉన్నవారిలో టీఎన్‌ఎఫ్ మందులకన్నా దీనితో గుండెపోటు వంటివి, క్యాన్సర్లు కొంత ఎక్కువగా వచ్చినట్లు 2022లో అచ్చయిన పెద్ద పరీక్ష చూపింది. మన దగ్గర దీని జెనరిక్ మాత్రలు చవకగా దొరుకుతాయి. చవక అని వయసు, గుండె చూడకుండా రాసేయడం నాకు రుచించదు.

ఇంత చెప్పాక, చాలామందికి ఇప్పటికీ మొదట రాసే మందు పాత మెథోట్రెక్సేట్ అని చెప్పకపోతే తప్పవుతుంది. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. దాని దుష్ఫలితాలకు విరుగుడుగా వేరే రోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర రాస్తారు. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసింది, దాని పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్‌ను ఆ తర్వాత రూపొందించింది ఒకే సంస్థ, అమెరికాలోని లెడర్లే. అక్కడ పరిశోధనలకు నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన దృష్టి రక్తక్యాన్సర్ మీద ఉండేది. కీళ్లలో ఈ మందు సైటోకైన్ల గోలను తగ్గిస్తుందని ఆయన చనిపోయిన దశాబ్దాల తర్వాత గానీ స్థిరపడలేదు. ఇప్పుడు రుమటాయిడ్ రోగి చీటీలో ఆయన సంస్థ నుంచి వచ్చిన మందు, విరుగుడు రెండూ పక్కపక్కనే ఉంటాయి. మెథోట్రెక్సేట్ తోడుంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ప్రభావం కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఖరీదైన ఇంజెక్షన్ల విషయంలోనూ దారి కొంత తెరుచుకుంది. బి కణాల మీద పనిచేసే రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను, అంటే అసలు మందుకు దాదాపు సాటివచ్చే నకలును, హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లోనే విడుదల చేసింది. టీఎన్‌ఎఫ్‌ను ఆపే అడాలిముమాబ్‌కు బయోసిమిలర్ 2014 డిసెంబరులో అహ్మదాబాద్‌లోని జైడస్ నుంచి వచ్చింది. అయినా నెలనెలా కొనగలిగే కుటుంబాలు తక్కువే.

ఇప్పుడు మొదట్లో వదిలిన చిక్కు, వేర్వేరు జబ్బులకు ఒకే మాట వాడడం. ఒక కీలులో పనిచేసిన మందు మరో కీలులో పనిచేయాలని లేదు. టీఎన్‌ఎఫ్‌ను ఆపే ఇంజెక్షన్లను చేతివేళ్ల అరుగుదల జబ్బులో ప్రయత్నించారు, నొప్పి తగ్గలేదు. ఇంటర్‌ల్యూకిన్-1ను ఆపినా మోకాలి అరుగుదలకు ఫలితం దక్కలేదు. ఆ కీళ్లలో సైటోకైన్లు కనిపించినా, జబ్బు పగ్గాలు వాటి చేతిలో లేవు. ఇంటర్‌ల్యూకిన్-1 అడ్డుకట్ట యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్ నొప్పిలో, జ్వరంతో కీళ్లు వాచే స్టిల్స్ జబ్బులో అద్భుతంగా పనిచేసి, రుమటాయిడ్‌లో నామమాత్రంగా మిగిలింది. ఇంటర్‌ల్యూకిన్-17 అడ్డుకట్ట సోరియాసిస్ కీళ్లవాతంలో, వెన్ను బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో మేటి, రుమటాయిడ్‌లో వెనకబడింది. ప్రొటీన్ కీలులో కనబడడం వేరు, జబ్బును నడపడం వేరు. పత్రికల్లో "కీళ్లనొప్పులకు కారణమైన ప్రొటీన్ దొరికింది" అని వార్త చూసినప్పుడల్లా నాకు వచ్చే మొదటి సందేహం, దాన్ని ఆపి చూశారా అనే.

రుమటాయిడ్‌లో కూడా అందరి కీళ్లూ ఒకటి కావు. మెథోట్రెక్సేట్ చాలని వారికి టీఎన్‌ఎఫ్ మందు జోడిస్తే సుమారు 60 శాతం మందికి కొంత గుణం కనిపిస్తుంది, 40 శాతం మందికి సగం మేరకు తగ్గుతుంది, 20 శాతం మందికే బాగా తగ్గుతుంది. మిగతావాళ్ల కీలులో ఏముందో తెలుసుకోవడానికి లండన్‌లో కోస్టాంటినో పిట్సాలిస్ బృందం సన్నని సూదితో పొర ముక్కలు తీసి చూసింది. కొందరి పొర నిండా బి కణాలు, కొందరిలో మ్యాక్రోఫేజ్‌లు, కొందరిలో రోగనిరోధక కణాలే అరుదుగా ఉండి అంతా ఫైబ్రోబ్లాస్టులు. 2021లో అచ్చయిన వాళ్ల పరీక్షలో, బి కణాలు తక్కువని, ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో చూపే ఆర్‌ఎన్‌ఏ విశ్లేషణతో తేలిన కీళ్లకు టోసిలిజుమాబ్ 63 శాతం మందిలో, రిటుక్సిమాబ్ 36 శాతం మందిలో పనిచేసింది. సూక్ష్మదర్శినిలో చూసి మాత్రమే విడదీసినప్పుడు రెండు మందుల మధ్య అంత స్పష్టమైన తేడా తేలలేదు. కంటికి ఒకేలా కనిపించే పొరలో వేర్వేరు సంభాషణలు నడుస్తున్నాయి.

ఏ మందుకూ లొంగనివారి పొరలో ఎక్కువగా కనిపించినవి ఫైబ్రోబ్లాస్టుల గుర్తులే. ఒకసారి టీఎన్‌ఎఫ్ తగిలిన ఫైబ్రోబ్లాస్టు రెండోసారి మరింత గట్టిగా స్పందిస్తుందని పాత్రల్లో చేసిన ప్రయోగాలు చూపాయి. తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టినప్పుడు మళ్లీ అదే కణుపు ఉబ్బడానికి ఈ జ్ఞాపకం ఒక కారణం కావచ్చు. మనం ఇప్పటిదాకా చెప్పుకున్న మందులన్నీ ఫైబ్రోబ్లాస్టులకు చేరే కబుర్లనో, కబుర్లు పంపే రోగనిరోధక కణాలనో ఆపేవే. నేరుగా ఫైబ్రోబ్లాస్టుల మీద గురిపెట్టి, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఆమోదం పొందిన మందు ఇంకా రాలేదు.